మక్కలు మంచివే, ఒక్కటే తింటే?

వానలు పడ్డాయి. అశోక్ చౌక్ దగ్గర బండ్ల మీద బొగ్గులు రాజుకున్నాయి, కంకులు కాలుతున్నాయి. మరాఠీ వాళ్లు కణీస్ అంటారు, మన పిల్లలూ అదే అంటున్నారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన మా కోడలు మొక్కజొన్న పొత్తు అంటుంది. మా అమ్మ మక్క కంకి అనేది. నేను అమ్మ మాటే రాస్తాను, కోడలు ఏమీ అనుకోదు.

పోయిన నెల గోధుమల గురించి రాస్తే, సాఖర్ పేట నుంచి ఒక చెల్లె చీటీ రాసి పంపింది. "అన్నా, మక్కలు బలమా కాదా? మా ఆయనకు షుగరుంది, కంకి తినొచ్చా? కంకులు చవకగా దొరుకుతున్నయి, నెల రోజుల నుంచి రాత్రికి వేరే ఏమీ వండక కంకులే ఉడికించి పెడుతున్న, తప్పేమన్నా ఉందా?" అని. అడిగినవి మూడు. మొదటి రెండిటికి జవాబు తొందరగా ఐపోతుంది. మూడో మాట చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బలమా అంటే బలమే. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2017లో అచ్చేసిన పట్టిక ఉంది. మా మనవరాలు నర్సింగు చదువుతోంది, దాని దగ్గర చూశాను. ఎండిన మక్కలు 100 గ్రాములు తీసుకుంటే 330 కేలరీల పైన శక్తి, దాదాపు 9 గ్రాముల మాంసకృత్తులు, 12 గ్రాముల పీచు ఉన్నాయి. నూనె పదార్థం జొన్నల్లో 2 గ్రాముల లోపే ఉంటే మక్కల్లో 4 గ్రాములకు దగ్గర. అందుకే మక్క పిండి ఎక్కువ రోజులు నిలవ పెడితే ముక్క వాసన వస్తుంది. పచ్చ మక్కల్లో ఆ పసుపు రంగు ఉత్తగా రాలేదు, కంటికి పనికొచ్చే పదార్థాలు అందులో ఉన్నాయి. తెల్ల మక్కల్లో అవి లేనట్టే.

మన షోలాపూర్ జొన్నల ముందు పెడితే మాత్రం కొన్నిట్లో మక్కలు వెనకబడతాయి. ఇనుము జొన్నల్లో 4 మిల్లీగ్రాములు, మక్కల్లో రెండున్నర. సున్నపు ధాతువు, అదే కాల్షియం, జొన్నల్లో 28, మక్కల్లో 9. రాగులు 364 అని చూసి నేను కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. కాబట్టి మా మాల్దండి జొన్న రొట్టె మానేసి మక్క రొట్టెకు మారాలని ఎవరన్నా చెబితే నేను ఒప్పుకోను. వారానికి రెండుసార్లు మార్చి తింటే మంచిదే.

షుగరు ఉన్నవాళ్లు కంకి తినొచ్చు, కూరగాయ అనుకుని తినకూడదు. కంకి ధాన్యం. ఒక మామూలు లేత కంకి గింజలు ఒక చపాతీతో సమానం అనుకోండి. కంకి తిన్న పూట ఒక చపాతీ తగ్గించాలి. కప్పుల్లో పోసి వెన్న, చక్కెర సాసు వేసి అమ్మేది వేరే లెక్క. కాల్చిన కంకి మీద నిమ్మచెక్క రుద్దుతారే, అది నోటి రుచి కోసమే అనుకున్నాను ఇన్నాళ్లు. నిమ్మ పులుపు గింజలో ఉన్న ఆ కొద్ది ఇనుమును ఒంటికి పట్టిస్తుందట. మూడో పాళీ దిగి గేటు బయట కంకి కొనుక్కున్న రోజుల్లో ఈ సంగతి తెలిస్తే చెక్క ఇంకో నాలుగుసార్లు రుద్దమని అడిగేవాణ్ణి.

ఇంకొకటి. కొట్లో కార్న్ ఫ్లోర్ అని తెల్లగా, జారుగా ఉండే పొడి అమ్ముతారు. అది మక్క పిండి కాదు. గింజలోంచి పొట్టు, మొలక, మాంసకృత్తులు అన్నీ తీసేసి మిగిల్చిన గంజి పొడి. మంచూరియాలో వేస్తారు. ఒకామె పాపకు బలం అని దాన్ని పాలలో కాచి పోస్తోంది. అందులో బలం లేదు తల్లీ, కడుపు నిండుతుంది అంతే.

ఇక మూడో మాట. దీనికి నేను మా ఇంటి సంగతి చెప్పాలి. ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు తప్ప.

1972 కరువు. నాకు పదకొండేళ్లు. నాయనది మిల్లులో బద్లీ కార్డు. పొద్దున భోంగా కూయగానే గేటు దగ్గర నిలబడాలి, పేరు పిలిస్తే పని, లేకపోతే ఇంటికి. వారానికి మూడు రోజులు పని దొరికితే గొప్ప. అమ్మ బీడీలు చుట్టేది. మేము ఐదుగురం పిల్లలం. రేషన్‌లో అమెరికా నుంచి వచ్చిన ఎర్ర జొన్నలు ఇచ్చేవాళ్లు, మిలో అనేవాళ్లు వాటిని. ఆ రొట్టె చల్లారితే చెప్పు అట్టలాగా ఉండేది. పప్పు నాయనకు, పిల్లలకు. పాలు ఇంటికి వచ్చేవే కావు. అమ్మ అందరూ తిన్నాక కూర్చునేది. రొట్టె, ఉప్పు, మిరపకాయ. ఆ ఏడాది అంతా ఆమె తిన్నది అదే, మేము చూస్తూనే ఉన్నాం.

మరుసటి ఎండాకాలం ఆమె చేతులు నల్లబడ్డాయి. మణికట్టు నుంచి వేళ్ల దాకా, నల్లటి చేతి తొడుగులు వేసుకున్నట్టు. పాదాలు అట్లాగే. మెడ చుట్టూ ఒక పట్టీ. ఎండ తగిలిన చోటల్లా చర్మం గరుకై పగిలింది. నాలుక ఎర్రగా పుండులాగా ఐంది, కారం తగిలితే ఏడ్చేది. విరేచనాలు ఆగలేదు. తర్వాత నిద్ర పోయింది. రాత్రంతా కూర్చుని గోడతో మాట్లాడేది. బీడీ కట్టకు 25 లెక్క, పుట్టినప్పటి నుంచి చేస్తున్న లెక్క, అది తప్పిపోయేది. ఒక కట్టలో 19, ఒక కట్టలో 31. కట్టలు వాపసు వచ్చాయి, కూలి కోశారు.

చాల్‌లో ముందు గాలి సోకింది అన్నారు. తర్వాత పెద్ద రోగం అన్నారు. నీళ్ల నల్లా దగ్గర అమ్మ బిందె పెడితే పక్క బిందెలు జరిపేవాళ్లు. మా సొంత మేనత్త వచ్చి అమ్మ కంచం వేరే పెట్టమని నాయనకు చెప్పి పోయింది. నాయన పెట్టాడు. నేను ఆ కంచం తీసుకుపోయి గడప అవతల ఉంచేవాణ్ణి. అది నా పని.

చివరికి సర్కారు దవాఖానాకు తీసుకుపోయాం. డాక్టరు పెద్దాయన. చేతులు చూశాడు, మెడ చూశాడు, నాలుక చూశాడు. అందరూ అడిగినట్టు "ఎన్నాళ్లైంది" అని అడగలేదు. "ఏమి తింటావమ్మా?" అని అడిగాడు. అమ్మ జవాబు చెప్పలేదు, తల వంచుకుంది. నేను చెప్పాను. ఆయన నాయన వైపు చూసి, "ఇది అంటు రోగం కాదు. ఈమె మీతో కలిసి తినకపోవడమే రోగం" అన్నాడు. మాత్రలు ఇచ్చాడు. పాలు వీలు కాకపోతే రోజూ రెండు గుప్పెళ్ల పల్లీలు పెట్టమన్నాడు. నాలుగు రోజులకు అమ్మ నిద్ర పోయింది. నెల లోపల చేతుల మీద నల్లటి తోలు ఊడి కొత్త చర్మం వచ్చింది. నేను అప్పటికే బడి మానేసి కండెలు చుట్టే పనికి పోతున్నాను. మొదటి వారం కూలి పల్లీలకే ఐంది.

రోగం పేరు అప్పుడు మాకు తెలియదు. యాభై ఏళ్ల తర్వాత మా మనవరాలు పుస్తకం పట్టుకుని వచ్చి, "తాతా, జేజమ్మ చేతులు ఇట్లనే ఉండెనా?" అని బొమ్మ చూపించింది. పెలాగ్రా. అచ్చం అవే చేతులు, అదే మెడ పట్టీ. ఆ బొమ్మ నేను ఎక్కువసేపు చూడలేకపోయాను.

మక్కల ముచ్చటలోకి ఇది ఎందుకు వచ్చిందంటే, ప్రపంచంలో ఎక్కువ చోట్ల ఇది మక్కలు తినేవాళ్ల రోగం. ఒంటికి నియాసిన్ అనే విటమిన్ కావాలి. మక్కల్లో అది ఉంది, బిగుసుకుని ఉంది, మన కడుపు దాన్ని విడదీసుకోలేదు. మాంసకృత్తుల్లో ట్రిప్టోఫాన్ అని ఒక భాగం ఉంటుంది, అది సరిపడా ఉంటే ఒళ్లే నియాసిన్ తయారు చేసుకుంటుంది. మక్కల్లో అదీ తక్కువే. దక్కన్‌లో జొన్నలే తిని బతికే పేదల్లో కూడా ఈ రోగం కనబడుతోందని ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన గోపాలన్, శ్రీకంఠయ్య గార్లు 1960లో రాశారు. మా అమ్మకు పన్నెండేళ్ల ముందే రాసి ఉంది. చాల్ దాకా రాలేదు, అంతే.

పుస్తకంలో ఇంకో సంగతి చదివి మనవరాలు, "తాతా, వీళ్లు కూడా మీ లెక్క మిల్లోళ్లే" అంది. అమెరికాలో దక్షిణ కరోలినా అనే రాష్ట్రం. వందేళ్ల కింద అక్కడ ఊరూరా పత్తి మిల్లులు. మిల్లు వాళ్ల ఇళ్లు, మిల్లు వాళ్ల కొట్టు, ఖాతా మీద సరుకు. తిండి మక్క పిండి, పంది కొవ్వు, చెరుకు పాకం. ఎండాకాలం రాగానే చేతులు నల్లబడేవి, మనుషులు పిచ్చెక్కి చచ్చిపోయేవాళ్లు. పెద్దమనుషులు ఏమన్నారంటే, ఇది మురికి వల్ల వచ్చే అంటు రోగం, వాళ్ల వంశంలోనే ఉంది అన్నారు. మిల్లు కూలీలను తల మీద పత్తి నూగు చూసి వెక్కిరించేవాళ్లట. రింగ్ ఫ్రేముల దగ్గర ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి, ఆ నూగు నాకు తెలుసు. ముక్కులోంచి, వెంట్రుకల్లోంచి అది పోవడానికి రెండు స్నానాలు కావాలి.

1914లో జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే సర్కారు డాక్టరును పంపారు. ఆయన అనాథాశ్రమాలు, పిచ్చాసుపత్రులు తిరిగాడు. లోపల ఉన్నవాళ్లకు రోగం ఉంది, వాళ్లకు సేవ చేసేవాళ్లకు లేదు. అంటు ఐతే వాళ్లకు రాదా? పిల్లలకు పాలు, గుడ్లు, మాంసం, చిక్కుడు గింజలు పెట్టించాడు, రోగం పోయింది. అయినా నమ్మలేదు. 1916లో ఆయన, ఆయన భార్య, తోటివాళ్లు రోగుల రక్తం తమ ఒంట్లోకి ఎక్కించుకున్నారు. రోగుల చర్మపు పొక్కులు పిండిలో కలిపి మింగాడు. ఎవరికీ ఏమీ కాలేదు. మా చాల్‌లో బిందెలు జరిపినవాళ్ల ముందు ఆయన వచ్చి నిలబడితే ఎట్లా ఉండేదో అని అప్పుడప్పుడు అనుకుంటాను.

అదే ఏడాది ఏడు మిల్లు ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి లెక్క రాయించాడు. జీతం ఎంత, పదిహేను రోజుల్లో ఏ సరుకు ఎంత కొన్నారు, పాలిచ్చే ఆవు ఉందా, పెరట్లో కూరగాయలు ఉన్నాయా. లెక్కలో తేలిందేమిటంటే, ఆదాయం ఎంత తక్కువైతే ఆ ఇంట్లో రోగం అంత ఎక్కువ. బాగా సంపాదించే ఇళ్లలో దాదాపు లేనే లేదు. అంటే రోగం మురికిలో లేదు, మస్టర్‌లో ఉంది. ఈ మాట విని అక్కడి పెద్దలకు కోపం కూడా వచ్చింది, మమ్మల్ని ఆకలి రాజ్యం అంటావా అని. గోల్డ్‌బెర్గర్ 1929లో చనిపోయాడు. లోపించిన పదార్థం నియాసిన్ అని 1937లో ఎల్వెజెమ్ అనే ఆయన తేల్చాడు. ఆ దేశంలో ఆ నలభై ఏళ్లలో 30 లక్షల మందికి రోగం వచ్చిందని, లక్ష మంది పోయారని అంచనా.

మరి మక్కలు పుట్టిన మెక్సికోలో వేల ఏళ్ల నుంచి రోజూ అవే తింటున్నారు కదా, వాళ్లకు ఎందుకు రాలేదు? ఇది నాకు బాగా నచ్చిన ముచ్చట. అక్కడి ఆడవాళ్లు మక్కలను సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి, రుబ్బి రొట్టె చేస్తారు. సున్నం తగిలితే బిగుసుకున్న నియాసిన్ విడుతుంది, పైగా కాల్షియం చేరుతుంది. కొలంబస్ పోయొచ్చాక మక్క గింజలు ఓడలెక్కి ఐరోపాకు వచ్చాయి. సున్నం సంగతి తెలిసిన ఆడవాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు. 1735లో స్పెయిన్‌లో కసాల్ అనే వైద్యుడు ఈ రోగాన్ని మొదటిసారి రాసిపెట్టాడు. మెడ చుట్టూ వచ్చే ఆ పట్టీకి ఇప్పటికీ ఆయన పేరే. ఇది చదివి ఎవరూ పాన్ సున్నం తీసి కంకుల గిన్నెలో వేయకండి. దానికి కొలత ఉంది, కడగడం ఉంది, నోరు కాలుతుంది. మనకు అంత కష్టం అవసరం లేదు, మన ఊరి వంటలోనే మందు ఉంది.

పల్లీలు. 100 గ్రాముల పల్లీల్లో నియాసిన్ 12 మిల్లీగ్రాముల దాకా ఉంది, మాంసకృత్తులు పాతిక గ్రాముల చుట్టుపక్కల. షోలాపూర్ శేంగ చట్నీ అని ఊరంతా గొప్పగా చెప్పుకుంటాం, జొన్న రొట్టెకు జోడీ అంటాం. ఎవరు కలిపారో, నాలుకను బట్టి కలిపారో ఒంటిని బట్టి కలిపారో, మంచి జోడీ కలిపారు.

కాబట్టి చెల్లె, నీ మూడో మాటకు జవాబు. రాత్రికి కంకులు ఉడికించు, తప్పు లేదు. ఉత్త కంకులే పెట్టకు. పక్కన పప్పు ఉండాలి, లేదా పల్లి తొక్కు, లేదా ఒక గిన్నె పెరుగు. వారంలో రెండు రోజులు గుడ్డు. మక్కల్లో తక్కువైన లైసిన్ పప్పులో ఉంది, పప్పులో తక్కువైనది ధాన్యంలో ఉంది, రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. మక్క గారెలు చేస్తే నానబెట్టిన శనగపప్పు ఒక గుప్పెడు కలుపు. ముదురు కంకులు గారెలకు, లేతవి కాల్చడానికి. మక్క గట్క వండితే మజ్జిగ పోసుకుని తినండి, చింతకాయ తొక్కుతో ఐతే ఇంకా మేలు అని నా నాలుక అంటుంది, డాక్టరు కాదు. ఇంకో మాట అడగాలి, ఏమీ అనుకోకు. మీ ఆయనకు, పిల్లలకు పెట్టిన సంగతి రాశావు. నువ్వు ఏమి తింటున్నావో రాయలేదు.

ఇప్పటి రోజుల్లో ఈ రోగం ఎక్కడుంది అనుకోవద్దు. రేషన్, కూలి కొంచెం మెరుగై తగ్గింది, పోలేదు. తాగుడు పట్టి తిండి మానేసినవాళ్లకు వస్తుంది. టీబీ మందుల్లో ఐసోనియజిడ్ అనేది ఉంటుంది, సరిగ్గా తినకుండా అది వేసుకునేవాళ్లలో కొందరికి వస్తుంది. వాళ్లు మందు ఆపకూడదు, చేతులు నల్లబడితే డాక్టరుకు చూపించాలి. మన వీధుల్లో ఈ రెండు రకాలవాళ్లూ ఉన్నారని మీకు చెప్పాల్సిన పని లేదు.

మొన్న వేసవిలో మా గల్లీలోనే టవల్ కార్ఖానాలో పని పోయిన ఒకాయన, భార్య పోయిన మనిషి, సాయంత్రం సీసా తప్ప పళ్లెం ముట్టనివాడు, చేతులు లుంగీలో దాచుకుని తిరుగుతున్నాడు. చాయ్ కొట్టువాడు ఆయనకు మాత్రం కాగితం కప్పులో ఇస్తున్నాడు, మిగతావాళ్లకు గాజు గ్లాసులో. నేను ఆ చేతులు లాగి చూశాను. మణికట్టు దగ్గర గీత గీసినట్టు ఆగిపోయిన ఆ నలుపు నాకు పుస్తకం చూసి గుర్తుపట్టాల్సిన పని లేదు. మనవరాలిని వెంట పెట్టుకుని అదే రోజు దవాఖానాకు తీసుకుపోయాను. మాత్రలు ఇచ్చారు, తాగుడు మాన్పించే చోటి చీటీ కూడా రాశారు. మాత్రలు వేసుకున్నాడు. ఆ చీటీ ఇంకా జేబులోనే ఉంది.

చేతులు తేటపడ్డాయి. వానలు మొదలైనప్పటి నుంచి చీకటి పడే వేళకు మా అరుగు మీదికి వస్తాడు. కొన్ని రోజులు వాసనతోనే వస్తాడు, రానిస్తాం. మా ఆవిడ రెండు కంకులు కాల్చి తెస్తుంది, ముందు పల్లీల గిన్నె పెడుతుంది. "గిన్నె ఖాళీ ఐతేనే కంకి" అంటుంది ఆయనతో. నాతో కూడా అదే అంటుంది.